ఆపు

ఆమె పని ఆపడం.
బొటానికా నుంచి చొకానా దాకా
ఇరవై రెండు స్టాపులు.
చెయ్యెత్తిన ముసలమ్మకి, పరుగెత్తే కుర్రాడికి,
పచ్చడి టమాటాల సీసా పొట్టకి హత్తుకున్నవాడికి
ఆపుతుంది.
తనకొచ్చింది మాత్రం ఆపుకుంటుంది.

నేను ఆ ట్రాలీబస్సులో టికెట్లమ్మేదాన్ని, జినోవియాని.
ఆమె పరస్కోవియా.
పదకొండేళ్లుగా ఒకే బండి.
ఆమె ముఖం కన్నా వీపే నాకు బాగా తెలుసు.

చిషినౌలో జనవరి అంటే
తీగల మంచు మీంచి నీలి రవ్వలు రాలే నెల.
చివరి స్టాపులో మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం ఉంది.
తాళంచెవి డిస్పాచర్ దగ్గర,
డిస్పాచర్ ఎక్కడో.
అందుకని ఆమె ఒక తెలివి నేర్చింది,
నీళ్లు తాగకపోవడం.

మొదట చురుక్కుమంది.
తర్వాత మంట.
ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ వెళ్లాలనిపించడం,
వెళితే నాలుగు చుక్కలు,
చుక్క చుక్కకీ పట్టపగలే చుక్కలు.

"చల్లటి సీటు మీద కూర్చున్నావు, అంతే" అన్నాను.
మా అమ్మ అదే అనేది, వాళ్లమ్మా అదే.
చెర్రీ కాడలు మరగబెట్టి థర్మాసులో తెచ్చాను.
తాగింది. ఓ గంట తెరిపి.
ఒంట్లో నీళ్లు పడ్డాయి కదా, ఆ మాత్రమే.
షెడ్డులో వెచస్లావ్ "ఆడవాళ్ల గోల" అని నవ్వాడు.

నాలుగో రోజు మాంసం కడిగిన నీళ్ల రంగు.
నాకు చెప్పలేదు.
రాత్రి తిన్న బీట్‌రూట్ పులుసేమో అనుకుందట.

ఐదో రోజు, స్టాపు కాని చోట
బండి ఆగింది.
పళ్లు టకటకమంటున్నాయి.
కుడివైపు, వెనక, పక్కటెముకల కింద
గునపం దిగినట్టు వంగిపోయింది.
నుదురు తాకితే నా చెయ్యి కాలింది.
ఒకాయన గడియారం చూపించాడు.
నేను ఆయనకి వీపు చూపించి
అంబులెన్సుకి ఫోన్ చేశాను.

డాక్టర్ యెవ్‌డోకియా తిట్టలేదు, అడిగింది.
ఎన్నాళ్లుగా? వాంతులా? చక్కెర జబ్బుందా? కడుపుతో ఉన్నావా?
యాభై ఒకటో ఏట ఆ ప్రశ్నకి
నవ్వబోయి ఏడ్చింది పరస్కోవియా.

"నువ్వు ఆపుకున్నావు గానీ, అది ఆగలేదమ్మా.
మెట్టు మెట్టుగా కిడ్నీ దాకా ఎక్కింది.
మంట అంటే తలుపు తట్టడం.
ఒకటి రెండు రోజుల్లో తగ్గలేదా, రా.
జ్వరమో, వణుకో, నడుం పక్క నొప్పో, వాంతో, రక్తమో
ఏ ఒక్కటి తోడైనా ఆ రోజే రా.
అసలు రాకపోతే ఆ గంటే రా.
కడుపుతో ఉన్నవాళ్లకి, పసివాళ్లకి, మగవాళ్లకి
మంట ఒక్కటి చాలు, ఇంకేం చూడక్కర్లేదు.
అన్ని మంటలూ ఒకటి కావు.
రాయి కావచ్చు, పడకలో అంటింది కావచ్చు.
అందుకే సీసాలో పట్టి చూస్తాం, ఊహించం."

చీటీ రాసి ఇస్తూ అంది,
"మూడో రోజుకి హాయిగా ఉంటుంది.
అప్పుడు మాత్రం ఆపకు."
మా ఇద్దరికీ ఆ మాట కొత్తగా వినిపించింది.

ఓ సాయంత్రం వెచస్లావ్
టైరు వైపు చూస్తూ నన్నడిగాడు,
"మగాళ్లకీ వస్తుందా? ఊరికే."
నవ్వొచ్చింది, మింగాను.
టికెట్టు వెనక డాక్టరు చిరునామా రాసిచ్చాను.
ఎన్నాళ్లుగా అని అడగలేదు, అది ఆమె అడుగుతుంది.

మార్చిలో ఆ తాళాన్ని
షెడ్డులోని ఇనుప కత్తెరతో కోశాం.
నోటీసొచ్చింది. ఇద్దరం సంతకాలు పెట్టాం.
ఇప్పుడామె సీటు పక్కన లీటరు సీసా ఉంటుంది,
మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది.

మా దారిలో మ్యాపులో లేని
ఇరవై మూడో స్టాపు ఒకటుంది.
నాలుగు నిమిషాలు.
ఎందుకాగిందని ఎవరైనా అడిగితే
టికెట్లు చింపుతూ చెబుతాను,
డ్రైవరు ఒంటికి వెళ్లింది, వస్తుంది.

గొంతు తగ్గించకుండా చెబుతాను.