నూట పన్నెండు మెట్లు

ఎర్జురుమ్‌లో ఇంకా మంచు కరగలేదు.
ఇజ్మీర్‌లో అప్పుడే ఉక్కపోత.
ఉన్ని కోటు చేతిమీద వేలాడేసుకుని
పెళ్లి తేదీ తప్పు చదువుకుని వచ్చిన చుట్టంలా
వీధులన్నీ తిరుగుతున్నాను,
వెనక ఇద్దరు పిల్లలు.

రైల్వే వాళ్లు బెద్రికిచ్చిన గడువు నెలాఖరు.
నా చేతిలో అతను రాసిచ్చిన కాగితం:
అద్దె ఎంత, మెట్రో ఎంత దూరం,
ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు.
చివరి ప్రశ్న కింద రెండు గీతలు.
భూమి ఒకసారి ఒళ్లు విరుచుకున్నాక
ఈ ఊళ్లో ఎవరూ ముందు కిటికీ చూడరు,
స్తంభం చూస్తారు.

బడిని మనం ఎంచుకోలేమట.
ఇంటి నంబరే ఎంచుకుంటుందట.
వీధికి ఈ పక్కనుంటే ఒక బడి,
ఆ పక్కనుంటే ఇంకొకటి.
నడిమధ్యన నువ్వుల రొట్టెల బండి.
మేం సిమిత్ అనే దాన్ని ఇక్కడ గెవ్రెక్ అంటారు.
నేను సిమిత్ అనగానే
బండివాడు నవ్వి, ఎప్పుడొచ్చారు అన్నాడు.

బ్రోకరు ముమ్తాజ్ బే
అరచేతిలో సముద్రం చూపించాడు.
ఎక్కడండీ అంటే
బాల్కనీ చివరికెళ్లి ఎడమకి బాగా వంగమన్నాడు.
వంగాను. ఎవరిదో నీలం దుప్పటి ఆరుతోంది.

బోర్నోవాలో పదకొండో అంతస్తు.
ఏనుగు కాళ్లలాంటి స్తంభాలు, రెండు లిఫ్టులు.
నిలాయ్‌కి పద్నాలుగేళ్లు,
అద్దం ఉన్న లిఫ్టులో నాలుగుసార్లు ఎక్కి దిగింది,
ఇదే మనిల్లు అంది.
నాకూ అలాగే అనిపించింది, అబద్ధమెందుకు.

రెండున్నరకి ఆ పేట బడి గేటు దగ్గర నిలబడ్డాను.
బడి ఎలాంటిదో
పిల్లలు లోపలికెళ్లేటప్పుడు తెలియదు,
బయటికొచ్చేటప్పుడు తెలుస్తుంది.
చప్పుడు లేకుండా వచ్చారు,
ఒక్కో కారులో ఒక్కో పార్సిల్‌లా సర్దుకున్నారు.
ఒకావిడ ర్యాంకులు చెప్పింది, ట్యూషన్లు చెప్పింది,
ఆఖరికి నా వాడి వైపు వంగి
నీ పేరేంటి బాబూ అంది.

తో... తో... తో...
"తోల్గానా? మంచి పేరు!"
వాడు నా వైపు చూశాడు.
తర్వాత, అలిసిపోయినవాడిలా,
అవునని తలూపాడు.

ఆ సాయంత్రమంతా నా కొడుకు తోల్గాయే.

మర్నాడు కొండ మీది పేట.
మెట్లు, పిల్లులు, గోడలెక్కిన బోగన్‌విల్లా,
పెచ్చులూడిన బడి గోడ.
గేటు ముసలాయన స్టూలు మీద నారింజ ఒలుస్తున్నాడు.
పేరడిగాడు.
తో...
తొక్క తెగకుండా చుట్టలు చుట్టలుగా దిగుతోంది.
తో... తో...
ఆయన కత్తి ఆపలేదు, నోరు విప్పలేదు,
సాయం చేయలేదు.
పండు మొత్తం ఒలిచాక
తోప్రాక్ అన్నాడు నా కొడుకు.
"మట్టి!" అన్నాడు ముసలాయన, "గట్టి పేరే పెట్టారు,"
సగం పండు వాడి చేతిలో పెట్టాడు.

బెద్రి ఆదివారం రైలుకొచ్చాడు.
ఆ పేటలో ఇంటింటి సెల్లార్లోకీ దిగి
స్తంభాల్ని పుచ్చకాయల్లా తట్టి చూశాడు.
మొదటింట్లో తల అడ్డంగా ఊపాడు.
రెండోదాంట్లో ఏమంటోంది అనడిగితే
ఏమీ అనట్లేదు, అదే భయం అన్నాడు.
అయిదోది, మొన్నమొన్న పడగొట్టి కట్టింది,
ఒక గది తక్కువ, అద్దె ఎక్కువ,
సముద్రం ఎటు వంగినా లేదు.
సంతకం పెట్టాం.

గ్యాస్ బండ భుజానేసుకొచ్చినవాడు
వగరుస్తూ కబురు కూడా తెచ్చాడు:
బడి గేటు ముసలాయనకి జూన్‌లో రిటైర్మెంటట.
నేను నీళ్ల గ్లాసు పట్టుకుని
అలాగే ఉండిపోయాను.
బెద్రికి ఇంకా చెప్పలేదు.

నిలాయ్ నాతో మాట్లాడి మూడు రోజులు.
బడి సంచి ఈడ్చుకుంటూ
కింది వీధి నుంచి ఎక్కుతోంది,
పెదాలు కదులుతున్నాయి.
తలుపు తీసి పట్టుకుని
నూట పన్నెండు కదూ అన్నాను.

లోపలికొచ్చి బూట్లు విప్పి
"నూట పదమూడు" అంది,
"గడప కూడా లెక్కే."