పుర్రచేతి రాత

బ్యాంకుల పిల్లగాడు తెర దిక్కు చూసి, కాయితం దిక్కు చూసి
"సంతకం కలుస్తలేదు మేడం" అన్నడు.
పదకొండేండ్ల కిందటి నేను ఆ తెర మీద ఉన్న.
వంగి చూసిన, ఎన్నడో తెలిసినామెను చూసినట్టు.

నల్లా బిల్లుల ఆఫీసుల పొద్దంత వేళ్ల కొసల పనే:
కీబోర్డు, వేలిముద్ర మిషను, ఫోను.
రాసుడంటే కిరాణా చీటీ.
ఈ నడుమ అది గూడ మెసేజే.

నేను పుట్టుడే పుర్రచెయ్యి.
రెండో తరగతిల సుగంధి టీచరు నా ఎడమచేతిని
జడ రిబ్బనుతోని బల్లకు కట్టేది.
గట్టిగ గాదు. ముడి గూడ పువ్వు లెక్కనే వేసేది.
కుడిచేతికి రాత వచ్చింది, నౌకరీ వచ్చింది.
తాళం తీసుడు, బిడ్డకు జడలల్లుడు, చపాతీ తిప్పుడు మాత్రం
ఎడమది ఎన్నడు ఇడిచిపెట్టలే.

కొత్త సంతకానికి నెలాగి వస్త అన్న.
పిల్లగాడు నవ్విండు. నేను నవ్వలే.

కోఠిల నాలుగు గీతల కాపీ, ఒక సిరా పెన్ను, నీలం బుడ్డి.
మా మేనత్త పాల లెక్కల బుక్కుల రాసేది చూడు,
గొలుసుకట్టు, చెయ్యెత్తకుంట,
గట్ల రాయాలని.

ఎడమచేత్తో 'క' మొదలువెడితే
పాళీ రాంగ్ రూట్ల వచ్చే ఆటో లెక్క
కాయితానికి గీసుకుంటది.
రాసిందంత వెనకొచ్చే అరచెయ్యి తుడుచుకుంట వస్తది.
చిటికెన వేలు నుంచి మణికట్టు దాక నీలం.
"ఏం తగిలింది?" అని ఆఫీసుల విమలాబాయి అడిగింది.

ఛత్తా బజార్ల పెండ్లి కార్డుల దుకాణాల నడుమ
మెట్ల కింద ఖుద్దూస్ సాబ్ పెన్నులు బాగుచేస్తడు.
ఒకప్పుడు కాతిబు.
పాళీని చెవి దగ్గర గీసి సప్పుడు వింటడు.
నా నీలం చెయ్యి చూసి ముందు ఏమన్లే.
తన కుడిచెయ్యి బోర్లించి చూపెట్టిండు:
"మా రాత కుడి నుంచి ఎడమకు.
నా చెయ్యి గూడ తడి మీదికెళ్లే నడవాలె.
నలభై ఏండ్లు నడిచింది. ఒక్క నుక్తా చెరగలే."

సమజయ్యేటందుకు జరసేపు పట్టింది.
పుట్టినప్పటి సంది ఈ ఊర్లనే ఉన్న.
కుడిచేత్తో రాసుకుంట నా తిప్పలే పడ్డోళ్లు
గల్లీకి పదిమంది ఉన్నరు.
ఒక్కర్ని అడగలే.

"అరచెయ్యి గీత కిందికుంచు బేటీ.
కాయితాన్ని తిప్పు. నువ్వు తిరగకు."
పాళీ కొసను రాయి మీద ఏటవాలుగ అరగదీసిండు.
పైసలు ఎడమచేత్తో ఇచ్చి, అయ్యో అని మార్చుకోబోయిన.
అప్పటికే డబ్బాల ఏసుకున్నడు.

రాత్రి అంట్లు కడిగినంక బల్ల మీద నేను, కాపీ.
కుడిచెయ్యి కాయితం పట్టుకొని కూసుంటది,
నౌకరీ పోయినోని లెక్క.
అప్పుడప్పుడు పెన్ను మూత పెట్టనిస్త.

"అమ్మా, నీ రాత రెండో తరగతి పిల్లదాని లెక్కుంది,"
అన్నది మృదుల, భుజం మీదికెళ్లి తొంగిచూసి.
అవు. ఆడికెళ్లే మొదలువెట్టిన.

చంద్రకళ.
'చ' కడుపుల నుంచి సున్న, సున్న మీదికెళ్లి 'ద',
కిందికి దిగి రవత్తు, మళ్ల ఎక్కొచ్చి 'క'.
రోజూ ఆడనే చెయ్యి లేస్తది.
ఆడనే. 'ళ' దాక గొలుసు అందదు.

నెల గాదు, రెండు నెలలైనంక పోయిన.
ఫారం మీద మూడు డబ్బాలు. కాయితాన్ని వంకర తిప్పిన.
మొదటిది బానే వచ్చింది.
రెండోదాంట్ల 'ళ' తోక డబ్బ దాటింది.
మూడోదాంట్ల 'క' కాడ చెయ్యి లేచింది, మళ్ల పెట్టిన,
అతుకు కనవడ్తనే ఉంది.

"మూడు ఒక్కతీరుగ లేవు గద మేడం."
"ఒక్కామెవే," అన్న.
వెనక లైన్ల ఎవరో జల్ది జల్ది అంటున్నరు.
పిల్లగాడు ముద్ర ఎత్తి పట్టిండు.

ఆగు, అన్న.
ఇంక తడున్నది.