రాగి బిళ్ళ

పదహారు నెలల కిందట కొండలోకి దించిన రాగి బిళ్ళని
ఇవాళ పైకి తీశాం.
గుణుపురం నుంచి జీపులో గంటన్నర,
ఆపైన డ్రిల్లింగు గొట్టాలు ఈడ్చుకెళ్ళిన దారే దారి.
తాడు చుట్టే మర దగ్గర లకియా రైతా
సోరలో తనలో తాను లెక్కపెట్టుకుంటున్నాడు.
నాలుగువందల ముప్ఫై మీటర్లు అంది యంత్రం.
అతని లెక్క ఎప్పుడూ ఒక అర మీటరు ఎక్కువ.

బిళ్ళ నల్లగా వచ్చింది.
మూత విప్పగానే కుళ్ళిన గుడ్డు వాసన.
షెడ్డు ఊడ్చే సిమ్మాలమ్మ ముక్కు మూసుకోలేదు,
వంగి చూసింది.
"సింతపండెట్టి తోమితే పోదేటి బాబూ?"

పోదు సిమ్మాలమ్మా. అది మరక కాదు.
తినేశారు.

"ఎవులు?"

ఎవరని చెప్పను.
వెలుతురు అనే మాట ఎన్నడూ వినని వాళ్ళు,
గాలి సోకితే చచ్చిపోయేవాళ్ళు.
రాతి పగులులో, వెంట్రుక కూడా దూరని సందులో
గంధకపు ఉప్పుని ఊపిరిగా పీల్చుకుంటూ
ఏ నూరేళ్ళకో ఒకసారి రెండుగా చీలి
అదే సంసారమనుకునేవాళ్ళు.

కాగితాల ప్రకారం ఇంకో ముప్ఫై ఏళ్ళకి
ఇక్కడికి పెట్టెలొస్తాయి.
రియాక్టర్ల ఎంగిలి.
గాజులో పోసి, ఉక్కులో పెట్టి, రాగి తొడిగి,
చుట్టూ బంకమట్టి కూరి
లక్ష ఏళ్ళు కదలకుండా పడుకోమంటారు.
లక్ష ఏళ్ళు.
మా జీపు కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున నేనూ ఉన్నాను.
షామియానా, నీళ్ళ పాకెట్లు, ఎర్ర కుర్చీలు.
ఒడియాలో మొత్తం చదివారు,
తెలుగులో సగం చెప్పారు,
సోరలో చెప్పాల్సినవాడు భోజనానికి వెళ్ళాడు.
పట్టీలో నూట పన్నెండు వేలిముద్రలు.
అడుగున కాపురమున్నవాళ్ళని ఎవరూ పిలవలేదు.
వేళ్ళు లేవు కదా వాళ్ళకి.
ఇదిగో, ముద్ర మాత్రం పంపారు:
రాగి మీద సూదిమొనంత గుంటలు,
భూతద్దం పెట్టి లెక్కిస్తే అరవై మూడు.

బరంపురం నుంచి బెహెరా సారు ఫోన్లో,
"మంచి వార్తా, చెడ్డ వార్తా?"
పెట్టెని తినేది వాళ్ళే సార్.
పెట్టె చిల్లుపడి యురేనియం నీళ్ళలో కరిగిపోతుంటే
దాన్ని పట్టి, కరగని నలుసు చేసి,
రాతికి అతికించేదీ వాళ్ళ దాయాదులే.
"అయితే ఏం రాయమంటావ్?"
మట్టిని బాగా దట్టించి కూరితే నిద్రపోతారు సార్.
చావరు. నిద్ర...
లైను తెగింది.
ఇక్కడ సిగ్నలు నీళ్ళ ట్యాంకు మూడో మెట్టు మీదే.

మధ్యాహ్నం సిమ్మాలమ్మ తరవాణి కుండ దించింది.
అత్తగారి కుండ. ఇన్నేళ్ళలో లోపల తోమనే లేదట.
"అడుగున కూసింత ఉంచాల బాబూ.
కడిగీసినామంటే ఇంట్లోవోళ్ళని గెంటీసినట్టే."
రాత్రి పోసిన గంజి తెల్లారేసరికి పులుస్తుంది.
వాళ్ళని ఆవిడ చూడలేదు, లెక్కపెట్టలేదు,
మూత మాత్రం ఎన్నడూ బిగించదు.

నేను ఒక గ్లాసు తాగాను. లకియా రెండు.
తర్వాత నత్రజని డబ్బాలోకి చేతులు దూర్చి
అడుగు నీళ్ళని సీసాలకెత్తాను, సీలు వేశాను.
చీటీ మీద బావి నంబరు, లోతు, తేదీ.
నివాసులు అనే గడి ఆ ఫారంలో లేదు.

కొండ దిగేటప్పుడు అడిగాను లకియాని,
ఆ అర మీటరు ఎక్కడిదని.
"తాడు సాగుతాది," అన్నాడు.
"కింద బరువు వేలాడతా ఉంటే
పైన మీ లెక్క తక్కువే చూపిస్తాది."

జీపు లైటు వెలుగులో ఫారం తీసి
నాలుగువందల ముప్ఫైన్నర అని దిద్దాను.
మిగతా గడులు ఖాళీగానే ఉన్నాయి.
నా చొక్కాకి ఇంకా ఆ వాసన.