మూడాకుల గుర్తు

ఎన్నికల కోడ్ వచ్చిన మూడో రోజుకల్లా
ఉదయగిరి స్టేషన్ మాల్‌ఖానా నిండిపోయేది.
గోనెపట్టాల్లో, పాత పంచెల్లో,
ఒకాయనైతే చంటిబిడ్డని తెచ్చినట్టు దుప్పట్లో చుట్టి,
లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి గోడకి చేరేసేవాళ్లు.
నేను రైటర్ని. రసీదు రాయడమే పని.
పేరు, ఊరు, బోరు, నంబరు. అంతే.

తొంభై నాలుగులో మొదటిసారి చూశాను.
దుత్తలూరు నాయుడుగారిదీ, వరికుంటపాడు శేషారత్నమ్మగారిదీ
ఒకే కంపెనీ వేట రైఫిళ్లు, ఒకే బర్మింగ్‌హామ్ ముద్ర,
నంబర్ల మధ్య నూటపదకొండే తేడా.
కానీ ఒకదాని బోల్టు పిడి గుండ్రం, రెండోదానిది చప్పట.
ఒకదానికి గురిచూసే రేకు ఒక్కటే,
ఇంకోదానికి మూడు,
మడిచిపెట్టేవి, చేప పొలుసుల్లాగా.
ఎందుకు?
బదిలీ అయినా సరే, ఎన్నికలొస్తే చాలు
మళ్లీ ఉదయగిరే అడుక్కునేవాణ్ణి
ఆ ఒక్క మాట కోసం.

నోటుబుక్కు కుట్టించుకున్నా.
మర తలమీద గాడి ఎటు చూస్తుందో కూడా రాసేవాణ్ణి.
సెంట్రీ సుబ్బరాయుడు నవ్వేవాడు:
"పేలద్దో లేదో చూడాల గానీ
పుట్టుమచ్చలు లెక్కబెడతా ఉండావేంది సామీ!"

నెల్లూరు దర్గామిట్టలో పళ్ల డాక్టరు ఎఫ్రాయిముగారు
తనవి రెండే అయినా, రెండొందల తుపాకుల జాతకాలు పోగేసినాయన.
పళ్లు చూసే అద్దంతోనే గొట్టం మూతి చూసేవాడు.
ఉత్తరాల మీద తేల్చుకున్నాం:
యుద్ధానికి ముందు రకం, తర్వాత రకం,
మధ్యలో ఇనుము కరువైనప్పటి రకం.

నాలుగోది నేనే కనిపెట్టా.
అప్పగించిన సొత్తుకి మర విప్పకూడదు. విప్పాను.
మడమ రేకు కింద, చెక్కలో, గోరంత మూడాకులు.
శేషారత్నమ్మగారిదానికుంది. కలిగిరి వాళ్లదానికుంది.
సీతారామపురం నుంచొచ్చిన తుప్పుదానికీ ఉంది.
డాక్టరు రాత్రికి రాత్రే రాశాడు:
"ఫ్యాక్టరీలో ఎవరో తనిఖీదారు ముద్ర ఇది.
ఏ జాబితాలోనూ లేదు. ఇంకా ఎవరితో అనొద్దు."
ఆ వారమంతా నా కాళ్లు నేలమీద లేవు.

రిటైరయ్యాక ఒక ఆషాఢంలో
అన్నం గరిటె తెమ్మంది మా ఆవిడ.
కొండకింద చెంచాలు చెక్కే వీధి.
తుంపర్లో తడిసిన నర్దిచెక్క పొట్టు, పుల్లటి వాసన.
బేరం ఆడుతూ గరిటె తిరగేశా.
కాడ చివర మూడాకులు.

ముసలాయన గౌస్ మొహిద్దీన్ ఉలి ఆపలేదు.
"మా అబ్బా గుర్తు సార్ అది, నాకొచ్చింది.
ఒక ఏడు వానలకి వేట బంగళాలో చెద పట్టి
తుపాకి కట్టెలన్నీ పొట్టయిపోతే
బండిమీద తెచ్చి మా ముంగిట్లో పడేశారంట.
అబ్బా అప్పటిదాకా తుపాకి ముట్టింది లేదు.
పెద్ద గరిటె అనుకొని చెక్కేశా అనేవాడు.
భుజానికి ఆనేచోట వంపు బాగా కుదిరిందని
రూపాయి ఎక్కువిచ్చారంట."

డాక్టరుకి రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది.
మొదట ఒక అబద్ధం రాసి చించేశా.
తర్వాత ఉన్నదున్నట్టు రాశా.
జవాబు లేదు. దసరా పోయింది.
కార్తీకంలో కార్డు వచ్చింది, రెండు వాక్యాలు:
"నాలుగో రకం కొట్టెయ్యొద్దు, ఊరు మార్చండి చాలు.
అలాంటి గరిటె ఒకటి పంపండి, పొడవూ బరువూ రాసి."

పంపాను. పదకొండు అంగుళాలు, ఎనిమిది తులాలు.
ఇంకొకటి మా ఇంట్లో ఉంది.
వడ్డించేటప్పుడు మా ఆవిడ బొటనవేలు
ఆ వంపులో యాడ ఆనుతుందో చూస్తుంటా.
"ఏందట్లా చూస్తా ఉండావు," అంటది,
"ఇంకొంచెం పెట్టేదా?"