కొసరు

సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు ఆగి నలభై నిమిషాలు.
పట్టు పేరు పెట్టుకున్న కూడలిలో
ఒక్క పోగూ కదలడం లేదు.
ఒళ్లో లాప్‌టాప్. తెర మీద ఒకటే ప్రశ్న:
థ్రెడ్ లైబ్రరీ, బిల్డ్‌లో ఉండాలా, వద్దా?
పదకొండేళ్లుగా దాని పక్కన
'వద్దు' అనే ఉంది.
రాసినాయన ఉద్యోగం మానేసి
కొడగులో మిరియాలు పండిస్తున్నాడని విన్నాను.

నంజుండప్పగారిది పొదుపు చెయ్యి.
"కావలసినవాళ్లు కలుపుకుంటారు కదమ్మా,
అందరి నెత్తినా ఎందుకు రుద్దడం?"
ఆయన మాటలో తప్పు లేదు.
అరవై నాలుగు కిలోబైట్లు.
ఆయన కాలంలో ఆ జాగాలో
ఇల్లు కట్టి కాపురం పెట్టేవాళ్లు.
పైగా దారాలంటే చిక్కులు.
నీ చేతిలోది వదిలితే నా చేతిలోది వదులుతానని
రెండు పనులు ఎదురెదురుగా నిలబడి
తెల్లారిపోవడం నేనూ చూశాను.
అలాంటి ముడి ఒకటి విప్పడానికి
మూడు రాత్రులు పోయాయి.
వేసింది నేనే.

నిన్న పావగడ నుంచి ఫోన్.
బడిలో పన్నెండు పాత కంప్యూటర్లు.
వాన పడితే నెట్ పోతుందట;
పావగడలో వానెక్కడ, ఊరికే కూడా పోతుందట.
"పిల్లోళ్లు చేసిన ఆట ఒకటి ఆడటం లేదు మేడమ్,
ఏందో దారం దొరకలేదంటాంది."
కదిరప్ప మాస్టారి సరిహద్దు తెలుగు.
అది ఐచ్ఛికం మాస్టారూ,
విడిగా తెచ్చుకోవాలి అన్నాను.
కాసేపు గాలి చప్పుడు.
"అది ఉందని మాకెట్ల తెలియాల?"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.
పేరే తెలియనిదాన్ని
ఏమని అడగడం?

పొద్దున మడివాళ మార్కెట్‌లో సాకమ్మ
అరకిలో వంకాయలు తూచి,
సంచి నా చేతికిచ్చే ముందు
గుప్పెడు కరివేపాకు పడేసింది.
కావాలా అని అడగలేదు.
ఎవరినీ అడగదు.
అక్కర్లేనివాళ్లు తీసి బల్ల మీద పెట్టి పోతారు,
ఆమె వాళ్ల మొహం వంక కూడా చూడదు.
తూకంలో లేని ఆకు అది.
తినేటప్పుడు ఏరి పారేస్తాం, నిజమే,
కానీ పోపులో అది పడలేదని
పక్కింటికి కూడా తెలిసిపోతుంది.

బస్సు ఒక జానెడు జరిగింది.
'వద్దు' కొట్టేసి 'ఉండాలి' అని రాశాను.
కింద ఇంకో వరుస:
అక్కర్లేనివాళ్లు తీసెయ్యవచ్చు,
తీసే దారి ఇదీ.
పంపే మీట మీద వేలు
కండక్టర్ రెండుసార్లు అరిచేదాకా అలాగే ఉంది.

బొమ్మనహళ్లిలో దిగేసరికి
నంజుండప్పగారి జవాబు:
"అరవై నాలుగు కాదు, అరవై ఎనిమిది.
లెక్క సరిచెయ్యి."

వద్దని మాత్రం రాయలేదు.