రెండు ఎముకల ఎడం

మడమలు కలిపి నిలబడమంటాను.
పొయ్యికీ తలుపుకీ నడుమ, ఉన్ని పరుపు మీద
అంగీ అంచు రెండు చేతులా ఎత్తిపట్టుకుని
నిలబడుతుంది సరుల్.
మోకాళ్ల మధ్య సందులోంచి
అవతల పాలబిందె కనబడుతుంది.

నవంబరులో ఆ సందులో మూడు ఎముకలు పట్టేవి.
మేక చీలమండ ఎముకలు,
ఇక్కడి పిల్లలు పాచికల్లా ఆడుకునేవి.
టేపు లేక కాదు.
టేపు చూస్తే ఆసుపత్రి గుర్తొచ్చి ఊపిరి బిగపడుతుంది.
ఎముకలైతే చక్కిలిగిలని నవ్వుతుంది.

రోజూ చుక్కల మందు, గరిటెడు పాలలో.
గాలి లేని పూట గుడారానికి దక్షిణాన కూర్చోబెట్టి
ముఖం ఎండకేసి తిప్పుతాను.
చలికాలపు ఎండలో పస లేదని డాక్టరు చెప్పింది.
అయినా తిప్పుతాను.

ఫిబ్రవరిలో "రెండున్నర" అన్నాడు వాళ్ల నాన్న.
ఎముకకు అర ఎక్కడిది అన్నాను.
సరిహద్దు దాకా బొగ్గు లారీ తోలుతాడు,
నలభై రోజులకోసారి బయన్‌ఖొంగోర్ వైపు వస్తాడు.
"చూడవే, ఎంత తిన్నగా అయ్యాయో!"
నాకు కనబడలేదు.
రోజూ చూసే కళ్లకు
పెరుగు ఏ ఘడియలో తోడుకుందో తెలియదు.
ఆశపడే కళ్లకు పాలు పోస్తుండగానే గడ్డపెరుగు.

మా అత్తది ఇంకో తీర్పు.
"గుర్రమెక్కే కాళ్లు దొడ్డిగానే ఉంటాయి.
మా నాన్న కాళ్ల మధ్య పీపా దొర్లించొచ్చు."
పీపా మాటకు సరుల్ పడీపడీ నవ్వింది.
నేను నవ్వలేదు.

ఒక రాత్రి దాని దొంగతనం పట్టుకున్నాను.
పాదాలు కాస్త లోపలికి మలిచి
తొడలు బిగించి
మోకాళ్లను దగ్గరికి లాక్కుంటోంది.
"రెండమ్మా! రెండే పట్టాయి!"
తొడలు వణుకుతున్నాయి.
దీపం దగ్గరికి తెచ్చి చూస్తే
ఆ ఎముకలూ మేకవి కావు,
ఎప్పుడు మార్చిందో, పెద్ద పొట్టేలువి.

తిట్టలేదు.
ఐదేళ్ల పిల్ల, నా మొహం చూసి
నాకేం కావాలో కొలుచుకుంది.
ఎముకలు డబ్బాలో పోసి మూత బిగించాను.

ఏప్రిల్‌లో దుమ్ముగాలి తగ్గాక
మోటారు సైకిలు మీద వచ్చింది ఉరంచిమెగ్ డాక్టరు.
హెల్మెట్ అద్దం మాత్రం ఎత్తి చాయ్ తాగింది.
టేపు తీయలేదు. పిల్లను పడుకోబెట్టి
మోకాళ్ల నడుమ నాలుగు వేళ్లు పెట్టింది.
"బెత్తెడు."
నోటుబుక్కు తిరగేసింది.
"నవంబరులోనూ బెత్తెడే."

పొయ్యి మీద పాలు పొంగాయి.
పొంగనిచ్చాను.

ఆవిడ సరుల్‌ని తలుపు చట్రానికి ఆనించి
నడినెత్తి దగ్గర గోటితో గీత గీసింది.
నవంబరు గీత రెండు వేళ్లు కిందికి ఉంది.
"విల్లు పొడుగైంది," అంది,
"బద్దకూ నారికీ మధ్య ఎడం అలాగే ఉంది.
వంపు తగ్గినట్టా, తగ్గనట్టా?"
నేను బడిలో లెక్కల్లో తప్పినదాన్ని.
"తగ్గినట్టేనా?"
"కొంచెం. వచ్చే చలికాలం దాకా ఎవరితోనూ అనకు."

కొంచెం.
ఆ మాట ఎక్కడ దాచుకోవాలో తెలియక
ఉప్పు చాయ్‌లో వేసి కలిపాను.
అత్త ఒక గుక్క తాగి
ఉప్పు ఎక్కువైందంది.

పాత బూట్ల మడమలు బయటి పక్కే అరిగాయి.
కొత్తవి ఎటు అరుగుతాయో
వేసవి అయ్యాకే చూస్తానని ఒట్టు పెట్టుకున్నాను.
ఈ పొద్దున, అది నిద్ర లేవకముందే
ఒకటి తిరగేశాను.
మేకపిల్లల వెంట పరిగెత్తిన బురద,
మడమ నిండా సమంగా.
గీకి చూద్దామని చాకు తీశాను.
మళ్లీ మొలలో పెట్టుకున్నాను.