గింజంత కాపలా

ఎల్ ఆల్టోలో గాలికి కరువు.
పదమూడు వేల అడుగుల ఎత్తున
కొత్తగా వచ్చినవాడు మెట్ల మధ్యలో ఆగి
బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తాడు.
పదకొండేళ్లయినా నేనూ అంతే. పల్లపుదేశం దాన్ని,
లేసుల్లేని చెప్పులేసుకున్న రోజు కూడా వంగుతాను.

ఎఫ్రోసినా లిమాచి ఆగదు.
నలభై ఏడేళ్ల మనిషి, మినీబస్సు తలుపుకి వేలాడుతూ
"సేహా, సేహా, సేహా!" అని
తెల్లారగట్ల అయిదింటికే ఎత్తుకుంటుంది.
సేహా అంటే కనుబొమ.
ఊరి అంచు తెగి, కింద లా పాజ్ లోయలోకి జారిపోయేచోటికి
అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు.
ఆ కనుబొమ మీద గొంతు అమ్ముకునే
ముగ్గురు పిల్లల్ని చదివించింది.

ఎడమపక్క, దవడ మలుపు కింద,
శాలువా దాచిన బుడిపె.
ఒకాయన గండమాల అన్నాడట. ఆర్నెల్లు మాత్రలు.
ఒకామె థైరాయిడ్ అంది.
మేనత్త కోకా ఆకులు పరిచి చూసి
జవాబు దొరక్క అక్కడే కూలబడిన పిలుపు అంది.
మూడో డాక్టరు ముక్క తీసి చూస్తానని
లావుపాటి సూది పట్టుకొచ్చాడు.
ఆ పూట కరెంటు పోయింది.
నేను దేవుణ్ణి నమ్మను. ఆ కరెంటు కోతని నమ్ముతాను.

రెండువేళ్ల మధ్య పట్టుకున్నాను.
పక్కలకి జరిగింది.
పైకీ కిందికీ మొరాయించింది.
లోపల్నుంచి ఎవరో నా వేలిని తట్టారు.
స్టెతస్కోపు ఆనిస్తే దూరంగా ఏటి హోరు.
స్కాన్ తర్వాత చెప్పింది, నా వేళ్లకి ముందే తెలిసింది:
మెదడుకి పోయే నెత్తుటిదారి రెండుగా చీలేచోట
పాయల్ని చెరోపక్కకీ నెట్టి
మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుంది.

అందరికీ ఉంటుందక్కడ, ఒక బియ్యపుగింజ.
నెత్తురు రుచి చూసి, గాలి చాలదనిపిస్తే
ఇంకా పీల్చమని పైకి కబురంపడం దాని కొలువు.
నలభై ఏడేళ్లు ఈ ఎత్తున
చాలదు, చాలదు, చాలదని అరిచీ అరిచీ
గింజ నిమ్మకాయైంది.
ఈమె బయట, అది లోపల.

చస్తానా అని అడగలేదు.
"గొంతు ఉంటుందా?" అంది.
ఉంటుందనాలి. నోరు పెగల్లేదు.
"పై స్థాయి పోవచ్చు" అన్నాను.
"రోడ్డు దాటేది పై స్థాయే కదా" అంది, కిటికీకేసి చూస్తూ.

అయిదు గంటలు.
గడ్డకీ ధమనికీ నడుమ
ఉల్లిపొరకన్నా పల్చని తెల్లగీత ఒకటుంటుంది.
ఇటు తప్పితే ధమని, అటు తప్పితే గడ్డ,
ఎటైనా నెత్తురే.
నాలుకని తిప్పే నరం పైనుంచి అడ్డంగా,
గొంతుని పైకెత్తే నరం వెనకెక్కడో, వెంట్రుకంత.
దాన్ని చూశాననే అనుకున్నాను.
మత్తు డాక్టరు ఒర్టూన్యో రెండుసార్లు "రక్తం పోతోంది" అన్నాడు.
మూడోసారి ఏమీ అనలేదు. భయం అప్పుడేసింది.

"నాలుక చాపు." తిన్నగా వచ్చింది.
"పేరు చెప్పు." చెప్పింది,
దుప్పటి కిందనుంచి చెప్పినట్టు.

మూడునెలలకి వచ్చింది, సంచీలో చూన్యోతో,
మంచులో ఆరేసి తొక్కి ఎండబెట్టిన బంగాళాదుంపలు.
అరిచి చూపించమన్నాను.
"సే" లేచింది. "హా" దగ్గర రెండుగా చీలింది.
ఇప్పుడు మేనకోడలు అరుస్తోందట, తను చిల్లర చూసుకుంటోందట.
"దాని గొంతు మేకపిల్లది" అంది, కొంచెం కుళ్లుతో.

కుడిపక్క సంగతి అప్పుడు చెప్పాను.
అక్కడి గింజా లేచింది, శనగగింజంత.
"అదీ తీసెయ్యి" అంది వెంటనే.
తియ్యనన్నాను. రెండూ పోతే ఒంట్లో గాలికి కాపలా ఉండదు,
నిద్రలో ఊపిరి తగ్గినా తట్టి లేపేవాళ్లుండరు.
ఏడాదికోసారి కొలుద్దాం.
చాలాసేపు శాలువా అంచు మడతపెట్టింది.
"అరవనీ మరి" అంది.

చూన్యో రాత్రంతా నానాలని
గుమ్మం దగ్గర రెండుసార్లు చెప్పింది.
మొదటిసారి నాకు వినపడలేదు.